గౌస్ పీర్ పేరున్న బోర్డు

గౌస్ పీర్ చేతులు పొద్దున్నుంచీ రేకు మీదే ఉన్నాయి. ఉప్పు కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి, తుప్పు ఉన్న చోటల్లా గుండ్రంగా రుద్దుతున్నాడు. పాత రేకు అది. ఒకప్పుడు ఎవరిదో సోడా అంగడి తలుపు. ఎర్రటి పొడి రాలి ఆయన లుంగీ మీద, పాదాల మీద పేరుకుంటోంది. రుద్దిన చోట అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని తడిమి చూశాడు. "ఇంకా ఉండాది" అని గొణుక్కుని మళ్లీ మొదలుపెట్టాడు. తుప్పు కంటికి కనపడకుండా దాక్కోగలదు గాని చేతికి దొరికిపోతుందని ఆయన నమ్మకం. రేకు నున్నగా రాకముందే రంగు పూసేవాడంటే ఆయనకు గిట్టదు. అట్లాంటివాడు అంగడికొచ్చి కూర్చుంటే టీ కూడా చెప్పడు.

చిలమత్తూరులో హిందూపురం రోడ్డు పక్కన, బస్టాండుకు కూతవేటు దూరంలో ఆయన షెడ్డు. ముందర ఒక కానుగ చెట్టు, చెట్టు కింద రంగు డబ్బాలు, కొయ్య గుర్రాల మీద ఎప్పుడూ ఏదో ఒక బోర్డు. ఎవరూ ఆయనకు పని నేర్పలేదు. చిన్నప్పుడు బస్టాండులో నాయన వేరుశెనక్కాయలు అమ్ముతూ ఉంటే, పక్కన కూర్చుని ఆగిన లారీల వెనక ఉన్న అక్షరాలను బొగ్గుతో అరుగు మీద దించేవాడు. లారీ కదిలేలోపు దించాలి, లేకుంటే సగం అక్షరం బెంగళూరు పోతుంది. అట్లా చెయ్యి తిరిగింది. సరిహద్దు పక్కనే కాబట్టి కన్నడ అక్షరాలూ వచ్చాయి. దర్గా గోడ కోసం ఉర్దూ నేర్చుకున్నాడు. ఏ భాషైనా ఆయన చూసేది ఒక్కటే: అక్షరం కడుపులో గాలి ఆడాలి. తెలుగు అక్షరాలు గుండ్రనివి, ఇరుగ్గా రాస్తే దూరానికి అన్నీ ఒకే ఉండలాగా కనపడతాయి. కడుపు తెరిచి రాస్తే పరుగెత్తే బస్సులోంచి కూడా చదవొచ్చు.

ఫ్లెక్సీలు వచ్చాక అంగళ్ల వాళ్లు అటు పోయారు. గౌస్ ఎవరినీ తిట్టలేదు. ఈ ఎండకు ఫ్లెక్సీ ఒక వేసవి ఆగుతుంది, రెండో వేసవికి అందులో నవ్వే మనిషి కూడా తెల్లబోతాడు. తన బోర్డులు మాత్రం నిలబడి ఉన్నాయి. ట్రాక్టరు ట్రాలీలు, ఆటోలు, గుడి గోడ, చర్చి గోడ, పోలీసుల బారికేడ్లు, ఇవన్నీ ఇంకా ఆయన చేతి మీదే నడుస్తున్నాయి.

ఈ రేకు కూడా పోలీసుల పనే. నిన్న ఎస్సై అంజలి మేడమ్ స్వయంగా షెడ్డుకు వచ్చింది. తాగి బండి తోలి దొరికినవాళ్లను, జుల్మానా కట్టించుకోవడంతో పాటు, కూడలిలో బోర్డు పట్టుకుని నిలబడమని జడ్జి గారు ఈ మధ్య తీర్పు చెబుతున్నారు. స్టేషన్లో ఉన్న అట్టముక్క గాలికి వంగిపోతోంది. దాని మీద కానిస్టేబుల్ పుల్లన్న రాసిన రాతను పుల్లన్నే చదవలేకపోతున్నాడు.

"మంచి బోర్డు కావాలి గౌస్ భాయ్. ఎండకీ గాలికీ ఆగాలి. బస్సులో పోయేవాళ్లకు కూడా కనపడాలి" అంది ఆమె.

"రాత ఏం రాయల్ల మేడమ్?"

ఆమె చెప్పింది: మద్యం సేవించి వాహనములు నడుపుట చట్టరీత్యా శిక్షార్హమైన నేరము.

గౌస్ గడ్డం గోక్కున్నాడు. "రాస్తా మేడమ్. అయితే ఇది చదివి ముగించేసరికి బండోడు బాగేపల్లి చేరిపోతాడు."

అంజలి మేడమ్ నవ్వింది. కాసేపు రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ నిలబడి, "చట్టం మాట వద్దులెండి. పట్టుకున్న మనిషే చెప్పినట్టు ఉండాలి. నేను తాగి బండి తోలినాను, మీరు తోలొద్దు. అంతే రాయండి" అంది.

గౌస్ మనసులోనే అక్షరాలు పేర్చి చూసుకున్నాడు. రెండు వరుసలు. చక్కగా కూర్చుంటాయి. ఎస్సై మేడమ్ మీద ఆయనకు గౌరవం ఇంకాస్త పెరిగింది.

ఇప్పుడు రేకు నున్నగా వచ్చింది. గుడ్డతో పొడి తుడిచి, ఎర్ర ప్రైమర్ డబ్బా మూత తీస్తుండగా ఒక మనిషి కానుగ చెట్టు వెనక నుంచి వచ్చి, రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. తల మీద తువ్వాలు ముఖం దాకా దిగి ఉంది.

"ఎవురప్పా?" అన్నాడు గౌస్ తలెత్తకుండానే.

"నేనే బావా."

కుళ్ళాయప్ప. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. అప్పటినుంచీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. కుళ్ళాయప్ప బడి పిల్లల ఆటో తోలతాడు. ఊళ్లో సగం మంది పిల్లలకు ఆయన కుళ్ళాయప్ప మామ. ఆటో నిండా పిల్లలు, బయట వేలాడే సంచులు, లోపల గోల. ఆ గోలలో కూడా ఏ పిల్ల ఏడుస్తోందో, ఏ పిల్లోడు టిఫిను డబ్బా మరిచాడో చెప్పగలడు.

"ఈ ఎండలో తువ్వాలేంది? చలి జరమా?"

కుళ్ళాయప్ప రేకు వైపు చేయి చూపించాడు. "ఆ బోర్డు నాకే బావా."

గౌస్ చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

కథంతా మెల్లగా బయటికొచ్చింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం, సరిహద్దు అవతల బాగేపల్లి దగ్గర పిన్నమ్మ కొడుకు ఇంట్లో కొత్తింటి విందు. మాంసం కూర, రాగి సంగటి, దాంతో పాటు సీసాలు. తిన్నాడు, తాగాడు, తన మోటారు సైకిలెక్కాడు. పెద్ద రోడ్డు మీద పోలీసులుంటారని తెలుసు. అందుకని తెలివిగా శెనగచేల నడుమ బండిదారి పట్టాడు. ఆ దారి చివరే అంజలి మేడమ్ చెట్టు నీడన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. తెలివైనవాళ్లందరూ ఆ దారినే వస్తారని ఆమెకు ముందే తెలుసు.

"జేబులో కరివేపాకు ఉండె. పిడికెడు నమిలినా."

"నమిలితే?"

"పుల్లన్న ఆ మిషను నోట్లో పెట్టి ఊదు అన్నాడు. నేను లోపలికి పీల్చినా. పీల్చేది కాదప్పా, ఊదేది, నీకు బీడీ అలవాటు ఎక్కువ, అన్నాడు. మళ్లీ ఊదినా. మిషను కూత పెట్టింది. నా నోట్లోంచి కరివేపాకు పోయి పుల్లన్న టోపీ మీద పడింది."

గౌస్ నవ్వు ఆపుకోలేకపోయాడు. కుళ్ళాయప్పకు కూడా ఒక్క నిమిషం నవ్వొచ్చింది. వెంటనే ముఖం మళ్లీ వాడిపోయింది.

"నవ్వుతాండావు గాని బావా, నా బతుకు చూడు. లైసెన్సు ఆపినారు, బడి సెలవులు అయినాక ఇస్తారంట. అది సరే. సంత రోజు కూడల్లో నిలబడమన్నారు. సంతకు పిల్లోల్ల అమ్మలందరూ వస్తారు. తాగి తోలే వాని ఆటోలో ఎవురు ఎక్కిస్తారు పిల్లోల్లను? ఇప్పటికే కొడికొండ ఆటో ఒకటి వాళ్ల చుట్టూ తిరుగుతాండాది. ఆటో పోతే నాకేముండాది? వాళ్ల గోల లేకుంటే నేనుండలేను."

"పిల్లోల్లు ఉన్నప్పుడు ఎప్పుడన్నా తాగినావా?"

"ఒక్కనాడు లేదు. నీకు తెలీదా?"

గౌస్‌కు తెలుసు. కాని అమ్మలకు ఎట్లా తెలుస్తుంది?

కుళ్ళాయప్ప దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "బావా, ఒక్క సాయం చెయ్యి. అక్షరాలు రోంత చిన్నగా రాయి. చీమ తలకాయంత. లేదంటే కన్నడలో రాయి."

గౌస్ ప్రైమర్‌లో బ్రష్షు ముంచి, అంచున ఒత్తి, రేకు మీద ఒక పట్టె పూశాడు. "ఏమప్పా, బస్సులో పోయేటోళ్లకు కనపడల్లని ఆయమ్మ చెప్పింది. చిన్నగా రాసేది నా చేతికి రాదు. కనపడని అక్షరం రాసేదానికి బోర్డు ఏమిటికి?"

"అట్లయితే నేను పోయినట్టే."

గౌస్ ఇంకో రెండు పట్టెలు పూశాడు. మూడోదాని మధ్యలో ఆగి రేకు వెడల్పు చూశాడు, తర్వాత కుళ్ళాయప్ప భుజాల వెడల్పు చూశాడు.

"పెద్ద అక్షరాలంటే పెద్ద బోర్డు. పెద్ద బోర్డంటే..." అని కుళ్ళాయప్పను లేపి, రేకును ఆయన ముందర నిలబెట్టాడు. పైన తువ్వాలు కొంచెం, కింద మోకాళ్లు. మధ్యలో మనిషి లేడు.

రేకు వెనక నుంచి గొంతు వచ్చింది. "బావా, ఇంకా పెద్దగా రాయి! యాడన్నా ఇంకో రేకు ముక్క ఉంటే అతుకు!"

షెడ్డు వెనక ఇల్లే. గౌస్ భార్య రంజాన్ బీ టీ గ్లాసులు పట్టుకుని వస్తూ ఇదంతా వింది. ఆమె మాట కత్తెరలాంటిది.

"దాంకుంటావా కుళ్ళాయన్నా? దాంకుంటే ఆ అమ్మలకు రేపు ఎట్లయినా తెలుస్తాది. తాగినాడంటే ఒక తప్పు. తాగి మొగం దాచినాడంటే రెండు. టైలరు సారా నిన్ను వదిలిపెడ్తాదా?"

సారా అనేసరికి కుళ్ళాయప్ప టీ మింగడం మరిచాడు. సారా బట్టలు కుట్టే మనిషి. ఆమె ఇద్దరు పిల్లలు ఆ ఆటోలోనే పోతారు. మిగతా అమ్మలు ఆమె మాట వింటారు, ఎందుకంటే ఆమె ముందు అడుగుతుంది, తర్వాత ఆలోచిస్తుంది.

"నీవు గమ్మునుండు రంజాన్" అన్నాడు గౌస్. కాని ఆ మాట ఆయనకూ లోపల గుచ్చుకుంది.

ప్రైమర్ ఆరింది. మరునాడు పసుపు పూశాడు, ఆరాక ఇంకోసారి పూశాడు. పాత తలుపు చెక్కలతో చట్రం బిగించాడు. చేతులు కోసుకోకుండా రేకు అంచులు లోపలికి మడిచాడు. వెనక పట్టుకోవడానికి రెండు పిడులు కొట్టి, పిడులకు గోనెసంచి చుట్టాడు, చెమటకు జారకూడదని. సుద్ద పూసిన దారాన్ని రెండువైపులా బిగించి టప్పున వదిలితే రేకు మీద తెల్లటి గీత పడింది. ఇక అక్షరాలు. నల్లరంగు, వెడల్పు బ్రష్షు. మణికట్టు కాదు, మోచెయ్యి తిప్పాలి. "తాగి" అన్న మాట ఒక్కటి ఎర్రరంగుతో. "తోలినాను"లో లకూ నకూ మధ్య గాలి వదిలాడు. సాయంత్రానికి రాత పూర్తయింది.

లేచి రోడ్డు దాటి, అవతల సైకిల్ షాపు దాకా పోయి వెనక్కి తిరిగి చూశాడు. అక్షరాలు పిలుస్తున్నట్టు ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా పక్కదాన్ని తోసుకోలేదు. చాలా రోజులకు ఇంత మంచి పని కుదిరింది. ఆనందంగా తిరిగొచ్చి, సన్న బ్రష్షు తీసి, ఏ బోర్డుకైనా చివర చేసే పనే చేశాడు. కింద మూల, ఎర్ర గీత మీద తన పేరు రాశాడు: గౌస్ పీర్, చిలమత్తూరు. పక్కన ఫోను నెంబరు. ఎన్నో ఏళ్లుగా ఆయన చెయ్యి ఆ పని మనసును అడగకుండానే చేస్తుంది.

సంత రోజు పుల్లన్న పొద్దున్నే వచ్చి బోర్డు తీసుకుపోయాడు. గౌస్ ఒక ట్రాలీ పని మొదలుపెట్టాడు. కాసేపటికి ఫోను మోగింది. పశువుల బేరగాడు తిమ్మన్న.

"ఏమప్పా గౌసూ, ఎప్పటినుంచి?"

"ఏంది ఎప్పటినుంచి?"

"అదేలే. మా దగ్గర దాచేదేముంది? నాకు తెలిసినోళ్లకు నాటుమందు ఇప్పించినా, ఒక్క వారంలో మానేసినారు. నీకూ ఇప్పిస్తా" అని పెట్టేశాడు.

గౌస్‌కు అర్థం కాలేదు. బ్రష్షు ముంచేలోపు మళ్లీ మోగింది. మసీదు పెద్దాయన. చాలా మెత్తగా మాట్లాడాడు. "బేటా, మనిషి అన్నాక జారతాడు. ఒప్పుకున్నావు చూడు, అదే పెద్ద గుణం. మధ్యాహ్నం నమాజుకు రా. ఎవురూ ఏమీ అనరు. నేను చెప్పి పెట్టినా."

"ఏం ఒప్పుకుంటి హజరత్?"

"ఫోటో చూసినాలే బేటా" అన్నాడు పెద్దాయన, ఇంకా మెత్తగా.

మూడోసారి హిందూపురం నుంచి చెల్లెలు షాహిస్తా. ఏడుస్తోంది. "అన్నా, వదినతో ఏమన్నా కొట్లాడినావా? వాట్సాప్‌లో అందరికీ పోయింది. మా అత్త కూడా చూసింది." నాలుగోసారి ఎవరో ముక్కూ ముఖం తెలియని రైతు. "అక్షరాలు శానా బాగుండాయన్నా. మా ట్రాక్టరుకు రాయల్ల. తాగిన రోజు వద్దులే, తాగని రోజు చూసి రా."

రంజాన్ బీ తన ఫోనులో వచ్చిన ఫోటో చూసి, గోడ పట్టుకుని, అట్లాగే కింద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. ఫోను మొగుడికి అందించింది.

ఫోటోలో కూడలి, మధ్యలో పసుపు బోర్డు. పట్టుకున్న మనిషి ముఖం లేదు, వేళ్లు మాత్రం ఉన్నాయి. బోర్డు మీద ఎంతో చక్కగా, బస్సులోంచి కూడా చదవగలిగేలా:

నేను తాగి బండి తోలినాను. మీరు తోలొద్దు.
గౌస్ పీర్, చిలమత్తూరు.

"యా అల్లా" అన్నాడు గౌస్.

సన్న బ్రష్షు, ఎర్రరంగు డబ్బా సంచిలో వేసుకుని సైకిలెక్కాడు. దారిలో అంగళ్ల వాళ్లు ఆయన్ను చూసి, కూడలి వైపు చూసి, మళ్లీ ఆయన్ను చూసి నోళ్లు తెరిచారు. సైకిలు మీద ఒక గౌస్, బోర్డు వెనక ఒక గౌస్!

కూడల్లో జనం గుంపుగా ఉన్నారు. టమోటా బుట్టలు, చింతపండు మూటలు, కోళ్లు పట్టుకున్నవాళ్లు. బోర్డు చుట్టూ వినోదం నడుస్తోంది.

"గౌసన్నా, మొగం చూపిచ్చు, ఒక్కసారి!"

"పెయింటు డబ్బాలో కలుపుకుని తాగినాడేమో!"

"మాయింటికి రాసిన బోర్డు వంకరగా ఉండె. ఇప్పుడు తెలిసె ఎందుకో!"

చివరి మాటకు గౌస్‌కు నిజంగానే కోపమొచ్చింది. ఆయన బోర్డు ఏదీ వంకర కాదు. జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయేసరికి ఎదురుగా సారా కనపడింది. ఇద్దరు పిల్లలను చెరో చేత పట్టుకుని, బోర్డు ముందర నిలబడి ఉంది. ఆమె గొంతు అందరికీ వినపడింది.

"గౌసన్న తాగేదేందప్పా? మాయింటి గోడ మీద బైబిలు వాక్యం రాసినాయన. నాలుగు దినాలు మాయింట్లోనే ఉండె, టర్పెంటు వాసన తప్ప ఇంకో వాసన లేదు. ఆయన మీద నింద వేస్తే నేను ఊరుకోను. బోర్డు దించు, ఎవురు నీవు?"

బోర్డు వెనక వేళ్లు బిగుసుకున్నాయి. గౌస్ సంచిలోంచి రంగు డబ్బా తీశాడు. ఒక్క క్షణం పని, తన పేరు మీద రంగు పూసేస్తే చాలు. కుళ్ళాయప్ప ముఖం దాగే ఉంటుంది. బోర్డు దగ్గరికి రెండడుగులు వేశాడు.

అంతలో బోర్డు కిందికి దిగింది.

ముందు తువ్వాలు కనపడింది, తర్వాత చెమట కారుతున్న నుదురు, తర్వాత కుళ్ళాయప్ప ముఖమంతా. ఎవరి బుట్టలోనో కోడి అరిచింది.

"గౌస్ కాదు" అన్నాడు కుళ్ళాయప్ప. అమ్మల వైపు తిరిగాడు. "ఓ యమ్మల్లారా, తాగింది నేను. బోర్డు రాసింది ఆయన. ఆయప్ప జన్మలో రెండో గ్లాసు టీ కూడా తాగి ఎరగడు. నన్ను మీరు చూడకూడదని నేనే పెద్ద బోర్డు అడిగినా. ఇంతసేపూ వాని పేరు మీద మీరు నవ్వుతాంటే, లోపల నిలబడి విన్నా. అది మాత్రం నా వల్ల కాలేదు. తిట్టేదుంటే నన్ను తిట్టండి."

ఎవరూ తిట్టలేదు. సారా చేయి విడిపించుకుని ఆమె చిన్న కూతురు ముందుకు దూకి, "కుళ్ళాయప్ప మామ!" అని అరిచింది. వెంటనే గుంపులో అక్కడక్కడా ఉన్న పిల్లలంతా అదే అందుకున్నారు. అమ్మల కొంగుల వెనక నుంచి, బుట్టల పక్కనుంచి, "మామా! మామా!" అని. సంతలో తమ మామ కనపడ్డాడు, చేతిలో పెద్ద బోర్డు కూడా ఉంది, వాళ్లకు అంతకంటే ఏం కావాలి?

కుళ్ళాయప్ప కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

సారా కదల్లేదు. "పిల్లోల్లు బండిలో ఉన్న దినం ఎప్పుడన్నా తాగినావా?"

"లేదు."

"నేనెట్ల నమ్మేది?"

"నమ్మొద్దు" అన్నాడు కుళ్ళాయప్ప. "బడి తెరిచినాక రోజూ పొద్దున బండి దగ్గరికి రాండి. నేను ఊదుతా. వాసన చూసినాకనే పిల్లోల్లను ఎక్కించండి. ఒక్క దినం వాసన వచ్చినా, కొడికొండ ఆటోను నేనే పిలిపిస్తా."

"కరివేపాకు నమిలొస్తే?" అన్నాడు పక్కనుంచి పుల్లన్న.

జనం పగలబడి నవ్వారు. కరివేపాకు కథ అప్పటికే ఊరంతా తిరిగింది మరి. సారాకు కూడా నవ్వొచ్చింది, కాని ఆపుకుంది. "కరివేపాకు వాసన వచ్చినా ఎక్కించను. చూస్తాం. బడి తెరిచిన రోజు చూస్తాం" అంది. ఆమె నోట "చూస్తాం" అంటే సగం ఒప్పుకున్నట్టే అని వీధిలో అందరికీ తెలుసు.

అంజలి మేడమ్ జీపు దిగి గుంపులోకొచ్చింది. బోర్డు చదివింది. కింద పేరు చదివింది. పక్కన రంగు డబ్బాతో నిలబడిన గౌస్‌ను చూసింది. పోలీసు టోపీ కింద ఆమె నవ్వు ఆపుకోవడానికి పడిన కష్టం చూడవలసిందే.

"గౌస్ భాయ్, తప్పు నాది కూడా. 'నేను' అని రాయమన్నది నేనే కదా. దీన్నేం చేద్దాం?"

"ఒక్క మాట పడితే సరిపోతాది మేడమ్" అన్నాడు గౌస్. కుళ్ళాయప్ప ముందర గొంతుక్కూర్చున్నాడు. "కదలొద్దు బావా."

"ఊపిరి పీల్చనా?"

"పీల్చు. ఊదొద్దు."

ఎండలో, జనం నడుమ, కుళ్ళాయప్ప బొమ్మలా నిలబడి పట్టుకుంటే, గౌస్ తన పేరు పైన ఎర్రరంగుతో మెల్లగా రాశాడు: రాసినవాడు. వెనక్కి జరిగి చూశాడు. ఇప్పుడు బోర్డు సరిగ్గా ఉంది. తన జీవితంలో ఎన్ని బోర్డుల మీద పేరు రాశాడో, ఏ ఒక్కదానికీ ఆ మాట అవసరం పడలేదు. ఇకనుంచి ప్రతిదానికీ పెడతాడు.

ఆ పొద్దు సాయంత్రం దాకా కుళ్ళాయప్ప బోర్డును ఛాతీ దగ్గరే పట్టుకున్నాడు. ముఖం అందరికీ కనపడుతూనే ఉంది. దాచేది ఏదీ లేకపోయేసరికి ఆయనకు పాత గొంతు తిరిగొచ్చింది. లేపాక్షి బసవన్నను చూడ్డానికి పోయే కారొకటి ఆగితే, లోపలున్నవాళ్లకు బోర్డు చదివి వినిపించి దారి కూడా చెప్పాడు. ఒకే మోటారు సైకిలు మీద నలుగురు వస్తే, "ఏమప్పా, మంచమా అది? దిగు ఒకడు!" అని అరిచాడు. వాళ్లు దిగారు కూడా. పుల్లన్న తన కుర్చీ ఆయనకిచ్చి తాను నీడకు పోయాడు.

బడి తెరిచే ముందు రోజు, కానుగ చెట్టు కింద కుళ్ళాయప్ప ఆటో నిలబడి ఉంది. తాళంచెవి గౌస్ జేబులో ఉంది. పని ముగిసేదాకా ఇవ్వనన్నాడు. ఆటో వెనక రేకంతా పాత రంగు గీకి, ప్రైమర్ కొట్టి, పసుపు పూసి ఆరబెట్టాడు. రాత ఏముండాలో అమ్మలే తేల్చారు. సారా వచ్చి కుట్టుమిషను ముందర కూర్చున్నట్టే రంగు డబ్బా మీద కూర్చుని చెప్పింది. గౌస్ రాశాడు.

బడి పిల్లలున్నారు, నిదానం.
తోలేవాడు కుళ్ళాయప్ప.
అడిగేవాళ్లు పిల్లల అమ్మలు.

కింద సారా ఫోను నెంబరు.

కుళ్ళాయప్ప కొత్తగా తిరిగొచ్చిన లైసెన్సు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. భార్య మారెక్క ఆటోకు కట్టడానికి మల్లెపూల దండ తెచ్చింది. కుళ్ళాయప్ప వెనక రాసింది మొత్తం చదివి, తల గోక్కున్నాడు.

"బావా, మూడో వరస రోంత చిన్నగా రాయకూడదా?"

"బస్సులో పోయేటోళ్లకు కనపడల్ల."

"ఆ బోర్డు యాడుందిప్పుడు?"

"కూడల్లో స్తంభానికి బిగించినారు. అంజలి మేడమే చెప్పింది. పట్టుకునేదానికి ఈ నెలలో ఎవురూ దొరకలేదంట."

సారా దగ్గరికొచ్చింది. "రేపటినుంచి గదా పని. ఈ పొద్దే అలవాటు చేసుకుందాం. ఊదు."

ఆమె పిల్లలిద్దరూ ఎగురుతూ అందుకున్నారు. "ఊదు మామా, ఊదు!"

కుళ్ళాయప్ప నిలబడి, గుండె నిండా గాలి పీల్చి, బలంగా ఊదాడు. సారా ముక్కు చిట్లించింది. మారెక్క గుండె మీద చేయి వేసుకుంది.

"ఏందిది వాసన?" అంది సారా.

"నాది కాదు" అన్నాడు కుళ్ళాయప్ప భయంగా. "గౌసుది. టర్పెంటు."

గౌస్ చేతిలోని గుడ్డ సంచిలో పడేశాడు. "అవును సారా, అది నాదే" అని ఒప్పుకుని, సన్న బ్రష్షు తీసి, ఆటో వెనక కింద మూలన గీత గీసి రాశాడు: రాసినవాడు గౌస్ పీర్. బ్రష్షు తుడిచి, గోరుతో అక్షరం అంచున తడి చూశాడు. ఎండ బాగుంది, ఇట్లే ఆరిపోతుంది. జేబులోంచి తాళంచెవి తీసి కుళ్ళాయప్ప అరచేతిలో పెట్టాడు.